ముగ్గురు మగవాళ్ళూ, ఒక ఇందిరా

గోపీచంద్, బుచ్చిబాబు, రావిశాస్త్రి... ఈ ముగ్గుర్నీ వరసపెట్టి చదవకండి. విడివిడిగా చదవండి, మధ్యమధ్యలో నవ్వొచ్చే పుస్తకం ఏదైనా పెట్టుకోండి, కావాలంటే మొక్కపాటివారి పార్వతీశాన్ని పిలుచుకోండి. అంతేగానీ నాలాగా చలికాలంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా 'అసమర్థుని జీవయాత్ర', 'చివరకు మిగిలేది', 'అల్పజీవి' ఒకదాని వెనక ఒకటి చదువుకుంటూ పోతే ఇంట్లోవాళ్ళకి మనమీద అనుమానం వస్తుంది. మా ఆయన ఒక రాత్రి నిజంగానే అడిగారు, "ఒంట్లో బాగానే ఉంటోందా?" అని.

ప్లాన్ వేసుకుని చదివిందేమీ కాదు. బెజవాడలో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం నాది, క్లెయిముల సెక్షన్. రోజంతా చదివేది కాగితాలే కదా, ఇంటికొచ్చి మళ్ళీ అక్షరం ఎలా ముట్టుకుంటావని అడుగుతారు చాలామంది, నాకు మాత్రం కాసేపు చదవకపోతే నిద్ర పట్టదు. కాకపోతే కొన్నేళ్ళుగా చదువుతున్నవన్నీ కొత్తవే. కథల సంపుటాలు, అనువాదాలు, ఎవరో ఒకరు బాగుందంటే తెప్పించుకున్నవి. పాత తెలుగు నవలల సంగతొస్తే, అవన్నీ తెలిసినవే కదా అని ఒక ధీమా. ఎలా తెలుసంటే, డిగ్రీ తెలుగు పేపర్‌కి గైడు చదివి 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పాత్రచిత్రణ అని పేజీలకి పేజీలు జవాబు రాసినదాన్ని కాబట్టి. మా తరంలో చాలామందికి ఈ పుస్తకాలతో పరిచయం ఈ మాదిరిదే, పైకి చెప్పరు గానీ.

జనవరిలో పుస్తక మహోత్సవానికి ఎప్పట్లాగే వెళ్ళాం. 1989 నుంచీ జరుగుతోంది, మా ఊరివాళ్ళకి కొత్త సంవత్సరమంటే కేకుకంటే ముందు అదే గుర్తొస్తుంది. ఒక స్టాల్లో గోపీచంద్ నవల పల్చగా కనిపించింది. పల్చగా ఉందనే కొన్నాను, ఇంకే సాహిత్య కారణమూ లేదు.

పల్చటి పుస్తకాలు త్వరగా అయిపోతాయన్నది అబద్ధం. సీతారామారావు బాగా బతికిన ఇంటి బిడ్డ. తండ్రి పోతూ పోతూ వంశం పేరు నిలబెట్టమని చెప్పిపోతాడు. పేరు నిలబెట్టడమంటే ఇతనికి తెలిసింది ఒకటే, అడిగినవాడికి లేదనకుండా ఇవ్వడం. ఇస్తాడు. ఇచ్చి ఇచ్చి ఆస్తి కరిగిపోయాక పుచ్చుకున్నవాళ్ళ మీద అసహ్యం పెంచుకుంటాడు, లోకం మీద సిద్ధాంతాలు పెంచుకుంటాడు, ఇంట్లో భార్యాబిడ్డల మీద విరుచుకుపడతాడు. ప్రతిదానికీ అతని దగ్గర ఒక తర్కం ఉంటుంది, మీరు చదువుతున్నంతసేపూ ఆ తర్కంలో తప్పెక్కడుందో పట్టుకోలేరు, అదీ గోపీచంద్ గడుసుతనం. రామయ్యతాత మంచిమాటలు చెప్తూనే ఉంటాడు, అవి అతని చెవికి ఎక్కవు. నాకూ పెద్దగా ఎక్కలేదు నిజం చెప్పాలంటే, ఆ మాటలు వచ్చినచోట నవల కాస్త ఉపన్యాసం అవుతుంది.

నన్ను పట్టుకున్నది అంకితం పేజీ. గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి, కవిరాజు అనేవారు, పేరుపడ్డ హేతువాది. 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు ఈ నవలని ఆ తండ్రికే అంకితమిచ్చాడు కొడుకు. మొదట ఆ పేజీ తిప్పేశాను. నవల అయ్యాక వెనక్కొచ్చి చూస్తే చాలాసేపు అక్కడే ఉండిపోయాను, ఎందుకంటే ఈ కథలో మనిషిని తినేసేది ఆ ప్రశ్నే. ప్రశ్నించడమే గొప్ప అని పెంచిన ఇంట్లోంచి వచ్చినవాడు, చేతిలో పని పోయి ప్రశ్న ఒక్కటే మిగిలితే మనిషి ఏమవుతాడో రాసి తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాడు. అది కానుకో, వాదనో నాకింకా తేలలేదు.

ఇలాంటి సీతారామారావులు మా కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరుంటారు. చిట్టీకి హామీ సంతకం పెట్టమంటే కాదనలేరు. మా బంధువుల్లో ఒకాయన అలాగే సంతకాలు పెట్టి పొలం పోగొట్టుకున్నారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని లోకం ఎలా చెడిపోయిందో చెప్పేవారు, చాలా బాగా చెప్పేవారు కూడా, మేం పిల్లలం చుట్టూ చేరి వినేవాళ్ళం. ఆయన మాట్లాడుతున్నంతసేపూ లోపల్నుంచి అత్తయ్య కుట్టుమిషను చప్పుడు వస్తూ ఉండేది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, ఈ పుస్తకం చదివేటప్పుడు గుర్తొచ్చింది. మిగతా నవలలు చదువుతున్నంతకాలం అది ఆగలేదు.

చివర్లో శ్మశానం ఘట్టం ఉంటుంది. రాత్రిపూట చదవొద్దు, అంతే చెప్తాను.

తర్వాత 'చివరకు మిగిలేది'. కాలేజీ రోజుల్లో ఒకసారి మొదలుపెట్టి కోమలి దగ్గరే ఆగిపోయిన పుస్తకం. అప్పట్లో హాస్టల్లో అందులోని హీరో, డాక్టరు దయానిధి అంటే పడిచచ్చేవాళ్ళం. పూర్తిగా చదివినవాళ్ళు తక్కువ, పడిచచ్చినవాళ్ళు ఎక్కువ. 1946, 47ల్లో నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1952లో పుస్తకమైంది. సీరియల్‌గా చదివినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి, ఎందుకంటే ఇందులో తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం దాదాపు ఉండదు. ఏమీ అవ్వదు చాలాసేపు. దయానిధి ఆలోచిస్తాడు.

అందుకని పద్ధతి మార్చుకున్నాను. రాత్రి చదివితే వాక్యం మధ్యలో నిద్ర ముంచుకొచ్చి మర్నాడు మళ్ళీ మొదటికి రావలసివస్తోంది. పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందు, కాఫీతో కాసిని పేజీలు. ఫోను వేరే గదిలో. చేతిలో పెన్సిల్, బాగున్న వాక్యం కింద గీత. కొన్ని రోజులకి చూస్తే గీత లేని పేజీ లేదు, ఇంక గీయడం మానేశాను. బుచ్చిబాబు చిత్రకారుడు కూడా, రేడియోలో ఉద్యోగం చేశాడు, ఈ రెండూ ఆ వచనంలో తెలుస్తాయి. సాయంత్రం వెలుతురు ఎలా పడిందో చూస్తాడు, గొంతు ఎక్కడ తగ్గిందో వింటాడు. నెమ్మదిగా చదివితేనే అవి దొరుకుతాయి. బస్సులో చదివే పుస్తకం కాదు, నేను ప్రయత్నించి చూశాను, బెంజిసర్కిల్ దాటేసరికి చిరాకొచ్చింది.

నవలలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది దయానిధి తల్లి. ఆవిడ గురించి ఊళ్ళో ఏదో అనుకుంటారు. ఏమిటన్నది రచయిత బాహాటంగా విప్పిచెప్పడు, ఆ చెప్పకపోవడంలోనే బలమంతా ఉంది. ఆవిడ పోయినా ఆ మాట పోదు, కొడుకు వెంట నడుస్తూనే ఉంటుంది, అత్తవారింటి గడపదాకా వస్తుంది. ఒక ఆడమనిషి మీద వేసిన మాట ఇంకో తరం బతుకుని ఎలా నమిలేస్తుందో ఇంత ఓపిగ్గా రాసినవాళ్ళని తెలుగులో నేను ఎక్కువమందిని చూడలేదు. ఇక్కడదాకా దయానిధికి నా పూర్తి సానుభూతి.

పేచీ ఆ తర్వాత. కోమలి, సుశీల, అమృతం, ఇందిర, నాగమణి, కాత్యాయని... ఒక్కొక్కరూ వస్తారు. దయానిధి ఆ అమ్మాయిని చూసి ఆలోచనలో పడతాడు, ఆ ఆలోచన అద్భుతంగా ఉంటుంది, పేజీలకి పేజీలు సాగుతుంది, అది అయ్యేదాకా ఆ అమ్మాయి ఎదురుగా నిలబడే ఉంటుంది. నీకేం కావాలమ్మా అని ఈ మహానుభావుడు అడగడు. ఇందిర అతని భార్య, పాపం జబ్బుచేసి పోతుంది. నాకు ఆవిడ మీద కలిగిన జాలి అతనికి కలిగిన వైరాగ్యంకంటే ఎక్కువసేపు ఉంది. అమృతం ఒక్కతే, ఇతను ఆలోచించి ముగించేదాకా ఆగే రకం కాదు. హాస్టల్ రోజుల్లో అమృతం మాకు ఎందుకు కనపడలేదో! అయినా అప్పుడు మేం ఆవిడదాకా వెళ్ళలేదుగా.

రెండో సగంలో రాయలసీమ వస్తుంది. దయానిధి అక్కడికి వెళ్ళడం, వజ్రకరూరు, వజ్రం దొరకడం, ఆసుపత్రి కట్టడం. ఇదంతా మొదట నమ్మబుద్ధి కాలేదు నాకు, ఇదేం సినిమా అనుకున్నాను. మా ఆఫీసులో గుంతకల్లు వైపు నుంచి వచ్చినావిడ ఉన్నారు, ఆవిడతో అంటే నవ్వేశారు. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల చేలల్లోకి ఇప్పటికీ జనం వజ్రాలు వెతకడానికి వస్తారట, పక్క జిల్లాల నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చి చెట్లకింద ఉంటారట. నేల చూపు చూసుకుంటూ వరసగా నడుస్తుంటారని చెప్పారు. అది విన్నాక ఆ అధ్యాయాలు మళ్ళీ తిరగేశాను. ఇంకో సంగతి కూడా అప్పుడు కనపడింది. కోస్తా నుంచి వచ్చిన డాక్టరంటే అక్కడివాళ్ళకుండే అనుమానం. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర్నుంచీ రెండు ప్రాంతాల మధ్య నలుగుతున్న విషయమే అది, ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడకముందే నవలలో పెట్టాడు బుచ్చిబాబు. ఒక మనిషి మనసు లోపలి గొడవని ఇంతసేపు చెప్పి, చివరికి అతన్ని తీసుకెళ్ళి బయటి గొడవలో పడేశాడు. నాకైతే ఆ భాగం మొదటి సగంకంటే నచ్చింది, ఈ మాటంటే నన్ను కొట్టేవాళ్ళుంటారని తెలుసు.

పక్కమాట ఒకటి. బుచ్చిబాబు భార్య శివరాజు సుబ్బలక్ష్మి కూడా రచయిత్రే, చిత్రకారిణే. భర్త పోయాక దశాబ్దాలపాటు బతికి 2021లో బెంగళూరులో పోయారు. ఆవిడ కథలు తెప్పించుకున్నాను, ఇంకా మొదలుపెట్టలేదు.

'అల్పజీవి' దగ్గరికి వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది. మళ్ళీ ఇంకో మగవాడు, మళ్ళీ లోలోపల కుమిలిపోవడం. అట్ట చూసి పక్కన పెట్టాను కూడా. తీరా మొదలుపెట్టాక తెలిసింది, సుబ్బయ్య ఆ ఇద్దరి జాతి కాదు. వాళ్ళిద్దరికీ కనీసం చదువూ, ఆస్తీ, సిద్ధాంతాలూ ఉన్నాయి. సుబ్బయ్యకి ఉన్నది భయం ఒక్కటే. ఆఫీసులో పైవాడంటే భయం, బావమరిది వెంకట్రావంటే భయం, కాంట్రాక్టరు గవరయ్యంటే భయం, ఆ గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బంటే ఇంకా భయం. 1950ల మొదట్లో రాసిన నవల, విశాఖపట్నం గుమస్తా కథ. మా సెక్షన్‌లో ఎవరో పక్కసీట్లో కూర్చుని రాసినట్టుంది.

ఒక్కటి చెప్తాను. మా ఆఫీసులో ఇంటర్‌కమ్ మోగి అవతల్నుంచి "ఒకసారి రండి" అన్నారంటే, ఎందుకో చెప్పకుండా ఆ రెండు మాటలే అన్నారంటే, కుర్చీలోంచి లేచి ఆ గది తలుపు తోసేలోపు నేను చేసిన పాపాలన్నీ గుర్తొస్తాయి. ఏ ఫైల్లో ఏం తప్పు రాశాను, ఏ క్లెయిము ఆలస్యమైంది, ఎవరు కంప్లయింట్ పెట్టారు. తీరా వెళ్తే వాళ్ళమ్మాయి పెళ్ళి కార్డు ఇవ్వడానికి. ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసు నాది, యూనియన్‌లో గట్టిగా మాట్లాడతానని పేరు కూడా, అయినా ఆ నాలుగడుగులూ సుబ్బయ్యనే. రావిశాస్త్రి ఆ నాలుగడుగుల్నీ రాశాడు. ఆలోచన ఆలోచనని తోసుకుంటూ, మధ్యలో చిన్నప్పటి దెబ్బ ఒకటి గుర్తొచ్చి, అంతలో ఎదుటివాడి మీసం పెద్దదైపోయి... చైతన్య స్రవంతి అని పాఠాల్లో చెప్తారే, దానికి అంత పెద్ద పేరు అక్కర్లేదు, టెన్షన్‌లో ఉన్న మనిషి బుర్ర అలాగే నడుస్తుంది.

ఈ పుస్తకాన్ని మాత్రం పైకి చదివాను. గవరయ్య మాట్లాడే చోట్లు మరీ. మనసులో చదువుకుంటే ఆ యాస నాకు సగమే పలికింది, గొంతెత్తి చదివితే మనిషి వచ్చి ముందు నిలబడ్డాడు. మా ఆయన పేపరు పక్కనపెట్టి విన్నారు, ఆయనది అనకాపల్లి దగ్గర, మధ్యలో నా ఉచ్చారణ సరిచేశారు కూడా. ఒంట్లో బాగానే ఉందా అని అడిగిన మనిషే "ఆ తర్వాత?" అని అడగడం మొదలుపెట్టారు. రావిశాస్త్రి వృత్తికి లాయరు, కోర్టులో రోజూ వినే గొంతులు ఆయన వచనంలోకి ఎలా నడిచొచ్చాయో తెలియాలంటే చెవితో చదవాలి. ఆయన ఉపమానాలు మాత్రం ఒక్కోసారి మరీ ఎక్కువైపోతాయి, ఒకటి చాలన్నచోట నాలుగు వేస్తాడు. నవ్వుకుంటూ క్షమించేస్తాం.

సుబ్బయ్య భార్య సావిత్రి. ఆవిడ దృష్టిలో ఈ మొగుడెవరు అన్నది అక్కడక్కడ తళుక్కుమంటుంది, అంతలో మళ్ళీ సుబ్బయ్య భయంలోకి వెళ్ళిపోతాం. ఇక్కడికి మూడు నవలలు. మూడింట్లోనూ మగవాడి బుర్రలో మనం కాపురం ఉన్నాం, అద్దె కట్టకుండా.

అప్పుడు మా అక్క 'కాలాతీత వ్యక్తులు' ఇచ్చింది. ఇచ్చిందనడంకంటే పెట్టెలోంచి తీసి నా మీద పడేసింది అనాలి, ఫోన్లో ఈ ముగ్గురి గురించీ నా గోల విని విసుగెత్తి. పాత ప్రతి, అట్ట ఊడిపోయి దారంతో కట్టుంది. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. గోరాశాస్త్రి నడిపిన తెలుగు స్వతంత్ర పత్రికలో 1957, 58ల్లో వచ్చింది. ఆవిడ 1961లో, ముప్పై రెండేళ్ళు నిండకుండానే పోయారు.

దీన్ని పొద్దున చదవాలా రాత్రి చదవాలా అన్న ప్రశ్నే రాలేదు. శనివారం మధ్యాహ్నం పట్టుకుంటే రాత్రి వంట లేదు, ఇడ్లీలు తెప్పించుకున్నాం.

కథ విశాఖలోనే. ఇందిర ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషిస్తూ ఉంటుంది. తండ్రి ఆనందరావు కూతురి సంపాదన మీద కాలక్షేపం చేసే మనిషి. వైద్యం చదివే ప్రకాశం, అతని డబ్బున్న స్నేహితుడు కృష్ణమూర్తి, ఇందిర ఇంట్లో అద్దెకి చేరిన కల్యాణి, ఇంకా వసుంధర. అందరూ పాతికేళ్ళ లోపో, అటూ ఇటూగానో ఉన్నవాళ్ళు. ఇందిర ప్రకాశాన్ని కావాలనుకుంటుంది. ప్రకాశం మెత్తటివాడు, మంచివాడు, బాగా ఆలోచిస్తాడు, ఇంట్లోవాళ్ళకి ఎదురు చెప్పలేడు. అతని మనసు కల్యాణి వైపు తిరుగుతుంటే ఇందిర ఊరుకోదు.

ప్రకాశం వచ్చిన కొన్ని పేజీలకే నేను పుస్తకం దించి గట్టిగా నవ్వాను. ఇతను నాకు తెలుసు! చలికాలం నుంచీ నేను ఇతని బుర్రలోనే ఉన్నాను. ప్రకాశాన్ని బుచ్చిబాబు చేతిలో పెడితే పెద్ద నవల అవుతాడు. తటపటాయింపు ఒక అధ్యాయం, ఇంటి నుంచి వచ్చిన కబురు ఒక అధ్యాయం, ఆ కబురుకి తలవంచిన రాత్రి ఇంకో అధ్యాయం, మనం పెన్సిల్‌తో గీతలు గీసుకుంటాం. శ్రీదేవి అతన్ని లోపల్నుంచి కాకుండా ఎదురుగా నిలబడి చూసింది, ఇందిర ఉన్నచోటి నుంచి. అక్కణ్ణుంచి చూస్తే అతను కనపడేది ఒకే రకంగా: రావలసిన సమయానికి రాని మనిషి. అతని వేదన అబద్ధమని ఆవిడ అనదు. ఉంటే ఉండనీ, నాకు రేపటి అద్దె సంగతేమిటి అన్నట్టు ఉంటుంది ఆ చూపు.

అదొక్కటి చాలు నాకు, ముందు చదివిన మూడు పుస్తకాలూ వేరేగా కనపడ్డాయి. సీతారామారావు సిద్ధాంతం చెప్తున్నప్పుడు ఆ పూట ఇంట్లో బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయి? దయానిధి ఎదుట అమ్మాయి నిలబడే ఉన్నప్పుడు ఆవిడ కాళ్ళు నొప్పి పుట్టలేదా? ఇవి వెటకారానికి అడగడం లేదు. నవలలో లేని పేజీలు అవి, ఎవరో ఒకరు రాయాలి కదా, ఒక పుస్తకంలో ఒకావిడ రాసింది.

అలాగని ఇందిరని దేవతని చెయ్యలేదు శ్రీదేవి, నాకు బాగా నచ్చింది అదే. ఇందిర స్వార్థపరురాలు. కల్యాణికి చేసింది మంచిపని కాదు. మనుషుల్ని వాడుకుంటుంది, మాటతో గాయం చేస్తుంది, ఏడుస్తూ కూర్చోవడం ఆవిడకి చేతకాదు. నవల జాలి కల్యాణి మీద ఉంటుంది, రచయిత్రి గౌరవం వసుంధర మీద ఉంటుంది, అయినా పుస్తకం మూశాక మన ఇంట్లో తిరిగేది ఇందిరే. ప్రకాశం సంగతి తేలిపోయాక మూల కూర్చోకుండా కృష్ణమూర్తిని పెళ్ళి చేసుకుంటుంది చూడండి, ఆ నిర్ణయంలో ప్రేమ ఎంత, లెక్క ఎంత అని నేను చాలా తూకం వేశాను. లెక్కే ఎక్కువ. కానీ ఆ లెక్క వేసుకునే హక్కు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. 1957లో ఒక పత్రిక ఇది అచ్చువేసిందంటే ఆ ఎడిటర్‌కి కూడా దండమే.

దీన్నే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాగా తీశారు. పుస్తకం అయిన మర్నాడు ఆత్రంగా పెట్టుకుని చూశాం. సరదాగా ఉంది, సావిత్రి ఉంది, అంతకంటే ఏం చెప్పను. ఇందిర కోసం వెతుక్కున్నాను.

నా స్నేహితుడొకడు, కాలేజీ నాటివాడు, లెక్చరరు, ఇదంతా విని ఒప్పుకోలేదు. "గోపీచంద్ అతన్ని మెచ్చుకుంటూ రాశాడా? పేరులోనే అసమర్థుడు అన్నాడు కదా. జబ్బుని జబ్బులా చూపించినవాణ్ణి పట్టుకుని రోగి భార్య సంగతి ఎందుకు రాయలేదంటే ఎలా?" అన్నాడు. న్యాయమైన మాటే. కొంత ఒప్పుకున్నాను కూడా. గోపీచంద్ దగ్గర ఆ చురుకు ఉంది, రావిశాస్త్రి దగ్గర మరీ ఉంది, సుబ్బయ్యని చూసి ఆయన ఎంత బాధపడ్డాడో అంత నవ్వాడు. బుచ్చిబాబు దగ్గర నాకు ఆ చురుకు తక్కువ కనిపిస్తుంది, దయానిధి అంటే ఆయనకి కాస్త ముద్దు. ఇక్కడ మావాడు ఫోన్ పెట్టేసినంత పనిచేశాడు. వాడికి 'చివరకు మిగిలేది' ప్రాణం. అదొక మతం వాళ్ళకి, వాదించి లాభం లేదు.

వీటి మధ్యలో చదివినవి ఇంకొన్ని ఉన్నాయి గానీ చెప్పుకోదగ్గది డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిన్న పుస్తకం. ఒక ముసలివాడు, ఈనబోయే పంది ఒకటి అడవిలోకి పోతే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళడం, ఒక రాత్రి, నక్కలు. అంతే కథ. హెమింగ్వే సముద్రపు ముసలివాడితో పోలుస్తారు చాలామంది. పోలిక ఉంది, కానీ ఇతనికి ఆ అడవిలో ప్రతి చెట్టూ పేరుతో తెలుసు, ప్రతి చప్పుడూ దేనిదో తెలుసు, ఆ తెలియడం మన చిత్తూరు జిల్లా మనిషిది. అంతా చేసి చివరికి అతని చేతికి ఏమీ దక్కదు. సీతారామారావుకీ ఏమీ దక్కదు. కానీ ఈ ముసలివాడు ఓడిపోతే నాకు కన్నీళ్ళొచ్చాయి, అతను ఓడిపోతే రాలేదు, ఎందుకు రాలేదో నా లెక్చరరు స్నేహితుణ్ణి అడగాలి. కేశవరెడ్డి నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ళతరబడి డాక్టరుగా పనిచేసిన మనిషి. శ్రీదేవీ డాక్టరే. దయానిధి కూడా డాక్టరే అనుకోండి, కాగితం మీద.

సగంలో వదిలేసినవి కూడా ఉన్నాయి. వాటి పేర్లు చెప్పను, రాసినవాళ్ళు బతికే ఉన్నారు.

ఈ మధ్య మా అక్క కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్, తెలుగు చదవడం వచ్చు గానీ నెమ్మది. దానికి 'కాలాతీత వ్యక్తులు' ఇచ్చాను, దారం కట్టు విప్పి జాగ్రత్తగా చదవమని. ఇచ్చేటప్పుడు ఇందిర గురించి నేను చేసిన ఉపన్యాసం కాస్త ఎక్కువే. పిల్ల నాలుగు రోజులు సోఫాలో కూర్చుని చదివి, పూర్తిచేసి, చాలా గంభీరంగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇందిర పెద్ద రెడ్ ఫ్లాగ్ పిన్నీ," అంది. "కల్యాణి ప్లేస్‌లో నేనుంటే ఫస్ట్ వీక్‌లోనే రూం ఖాళీ చేసేదాన్ని."

నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది. ఆ కాలంలో ఖాళీ చేసి ఎక్కడికి వెళ్తుంది, పీజీలున్నాయా, యాప్‌లున్నాయా అని నేను. అందుకని ఎవరైనా ఎవర్నైనా ఏమైనా చేసేయొచ్చా అని అది. ప్రకాశం సంగతేమిటే అంటే, "వాడు సరేలే పిన్నీ, వాడి గురించి మాట్లాడుకోవడం కూడా వేస్టు" అని ఒక్క మాటలో తీసిపారేసింది. చలికాలం నుంచి నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క మాటలో అయిపోయాయి. మా అక్క వంటింట్లోంచి "ఇందిర కరెక్టే" అని అరిచింది. ఇది ఇంకా తెగలేదు, దసరా సెలవులకి మళ్ళీ వస్తుంది కాబట్టి అప్పటికి వసుంధర గురించి కూడా సిద్ధంగా ఉండమంది.